మెట్లు యాడ్రా?

చింతపండు మార్కెట్టు, వాలిన చేను, దుమ్ము లేచిన బోరు. చిలమత్తూరు చుట్టుపక్కల మూడు లెక్కలు, వాటి మెట్లు.

తొమ్మిదో తరగతి హాఫ్ ఇయర్లీ పరీక్ష. ప్రశ్న ఇది: ఒక దొడ్లో ఆవులూ కోళ్లూ కలిపి తలలు 10, కాళ్లు 32. ఆవులెన్ని? నేను ఒక్క అంకె రాసి పక్క ప్రశ్నకు పోయాను. 6. పేపర్లిచ్చిన రోజు చూస్తే నాలుగు మార్కులకు ఒక్కటి పడింది. జవాబు కరెక్టే కదా సార్ అని లెక్కల సారు ముందు నిలబడ్డాను.

“కరెక్టే. మెట్లు యాడ్రా?”

“మనసులో ఉండాయి సార్.”

“మనసులోటివి నేనెట్ల దిద్దేది?”

క్లాసంతా నవ్వింది. పోయిన ఆ మూడు మార్కుల మీద చాలా ఏళ్లు కోపం పోలేదు. జవాబు వచ్చినవాడికి మార్కులు కోసేసి, జవాబు తప్పినా నాలుగు వరసలు గీకినవాడికి రెండేయడం ఏం న్యాయమని ఇంట్లో కూడా వాదించాను. ఇప్పుడు నేను సారు పక్షం. పక్షం మారడానికి చింతపండూ, ఒక చేనూ, కొన్ని బోర్లూ కారణం.

అంతా ఫ్లవరే అనుకో

ఆ ఆరు నా తెలివి కాదు, మా జేజినాయనది. చెట్లు గుత్తకు పట్టి, కాయ రాల్చి, ఒలిపించి, చింతపండు హిందూపురం మార్కెట్ యార్డుకు తోలేవాడు. అక్కడ చింతపండులో రెండు రకాలు నడుస్తాయి. కరిపులి ఒకటి, ఫ్లవర్ ఒకటి. కరిపులికి ధర ఎక్కువ, ఫ్లవర్‌కు తక్కువ. రెండింటి మధ్య తేడా కొన్ని రోజుల్లో రెట్టింపు దాటుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూచొని నాకు లెక్క వేసేవాడు. లెక్క తేలిగ్గా ఉండడానికి ధరలు నేనే వేసుకుంటున్నాను. కరిపులి క్వింటాలు 20,000 రూపాయలు, ఫ్లవర్ 8,000. మొత్తం సరుకు 10 క్వింటాళ్లు. చేతికొచ్చింది 1,52,000. కరిపులి ఎంత?

“ముందు అంతా ఫ్లవరే అనుకోరా” అనేవాడు. పది క్వింటాళ్లూ ఫ్లవరైతే 80,000 రావాలి. వచ్చింది 1,52,000. అంటే 72,000 ఎక్కువ. ఈ ఎక్కువ యాడనుంచి వచ్చె? కరిపులి నుంచి. ఒక్కో క్వింటాలు ఫ్లవర్ తీసి కరిపులి పెడితే 12,000 పెరుగుతుంది. 72 వేలల్లో 12 వేలు ఎన్నిసార్లు? ఆరుసార్లు. కరిపులి 6 క్వింటాళ్లు, ఫ్లవర్ 4.

పరీక్షలో నేను చేసిందీ అదే. పదీ కోళ్లే అనుకుంటే కాళ్లు 20. ఉన్నవి 32. ఎక్కువ 12. కోడిని తీసి ఆవును పెడితే రెండు కాళ్లు పెరుగుతాయి. ఆవులు 6. చింతపండు లెక్కే ఆవుల వేషం వేసుకొని వచ్చింది. జేజినాయన బడికి పోయింది మూడేళ్లు. మెట్లు రాయడం ఆయనకు రాదు, నాకు రాయాలని తోచలేదు.

ఇప్పుడు ఆ చింతపండు లెక్కనే సారు అడిగినట్టు రాద్దాం. తెలియని దాన్ని ఇంగ్లిషు అక్షరంతోనే పిలవాలని రూలేమీ లేదు. ఏడో శతాబ్దపు బ్రహ్మగుప్తుడి కాలంనుంచీ మన గణితజ్ఞులు తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టి, వాటి మొదటి అక్షరాలతో లెక్క నడిపారు. మనం కరిపులి క్వింటాళ్లను క అందాం.

కరిపులి క అయితే ఫ్లవర్ 10 − క
20,000క + 8,000(10 − క) = 1,52,000
20,000క + 80,000 − 8,000క = 1,52,000
12,000క + 80,000 = 1,52,000
12,000క = 72,000
క = 6

ఈ వరసలను జేజినాయన మాటల పక్కన పెట్టి చూడండి. నాలుగో వరసలో ఉన్న 80,000 ఏమిటి? “అంతా ఫ్లవరే అనుకో” అన్నది అదే. 12,000 ఏమిటి? ఒక క్వింటాలు మారిస్తే పెరిగేది. ఐదో వరసలో 72,000? “ఈ ఎక్కువ యాడనుంచి వచ్చె” అన్నది. ఆయన నోటితో చెప్పినదీ, పుస్తకం అక్షరంతో రాసేదీ వేరువేరు లెక్కలు కావు. చాలా క్లాసుల్లో ఈ మాట మాత్రం ఎవరూ చెప్పరు. ఆ 80,000కు ఒక అర్థం ఉందని తెలియకుండానే పిల్లలు దాన్ని ఆ గట్టునుంచి ఈ గట్టుకు దాటిస్తారు.

దాటించడం అంటే గుర్తొచ్చింది. “అటు పోతే గుర్తు మారుతుంది” అనే సూత్రం అంత చెరుపు చేసింది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. గుర్తు ఎందుకు మారాలి? బార్డరు దాటితే మా కోడికొండ చెక్‌పోస్టు దగ్గర బండి ఆపినట్టు ఎవరో ఆపి మార్చుతారా? జరిగేది వేరే. సమీకరణం అంటే కాటా. ఒక తట్టలో 12,000క, 80,000 ఉన్నాయి. రెండో తట్టలో 1,52,000 ఉంది. ముల్లు నడిమధ్య నిలబడి ఉంది. రెండు తట్టల్లోంచీ 80,000 తీసేస్తే ముల్లు కదలదు. ఎడమ తట్టలో 12,000క మిగిలింది, కుడి తట్టలో 72,000 మిగిలింది. ఏదీ ఎటూ పోలేదు, రెండువైపులా ఒకే బరువు తీశాం, అంతే. బాగ్దాదులో సుమారు 820 ప్రాంతంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని అల్ జబర్ అనే మాటే ఆల్జీబ్రా అయింది. కొరవడినదాన్ని తిరిగి సరిచేయడం అని దాని అర్థం. విరిగిన ఎముకను కట్టడానికీ అరబ్బులు అదే మాట వాడేవారు. తీసివేతగా ఉన్న ముక్కను రెండువైపులా కలిపి పూడ్చడం ఆ కట్టు. మన పుస్తకాల్లో ఆ కట్టు పోయి గుర్తు మార్చడం ఒకటే మిగిలింది.

అదే శతాబ్దంలో ఇక్కడ, మా సరిహద్దుకు అవతలి కన్నడ దేశంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరుడనే జైన పండితుడు గణితసారసంగ్రహం రాశాడు. సంస్కృతంలో ఉన్న ఆ పుస్తకాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో శాస్త్రానికి మొదటి పుస్తకంగా దాన్నే చెప్పుకుంటాం. సాహిత్య చరిత్రలు ఆయన్ని నన్నయకు దగ్గరి కాలంలో పెడతాయి. అంటే తెలుగులో భారతమూ గణితమూ ఇంచుమించు కలిసే పుట్టాయి. ఒకటి ఇంటింటికీ చేరింది. రెండోది పేరు వింటేనే పిల్లలకు కడుపునొప్పి వచ్చే దాకా వచ్చింది.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఇష్టకర్మ అని ఒక పద్ధతి ఉంది. ఇష్టమొచ్చిన సంఖ్యను జవాబు అనుకొని లెక్క నడిపి, వచ్చినదానికీ రావలసినదానికీ నిష్పత్తి పెట్టి అసలు సంఖ్యను పట్టడం. జేజినాయన “అనుకోరా” దానికి చుట్టమే. ఆయన లీలావతి పేరు కూడా విని ఉండడు.

మరి సారు అడిగిన మెట్లెందుకు? అదే చింతపండు లెక్కను ఇంకొకడు చేశాడనుకోండి. మూడో వరసలో − 8,000క బదులు + 8,000క అని రాశాడు. 28,000క = 72,000 అయింది. కరిపులి రెండున్నర క్వింటాళ్ల చిల్లర వచ్చింది. చీటీలో జవాబు మాత్రమే ఉంటే ఏం చేయగలం? “అట్ల కాదన్నా” అంటే “నా లెక్క ఇట్లే వచ్చింది” అంటాడు. ఇద్దరిలో గొంతు పెద్దది ఎవరిదైతే వాళ్లు గెలుస్తారు. వరసలు రాసి ఉంటే మూడో వరస మీద వేలు పెట్టవచ్చు. వేలు పెట్టడానికి గొంతు అక్కర్లేదు. రెండో తరగతి పిల్ల కూడా పెట్టవచ్చు. మెట్టు రాయడమంటే నా లెక్కలో తప్పు పట్టే హక్కు ఎదుటివాడి చేతిలో పెట్టడం. ఈ సంగతి నాకు చింతపండు దగ్గర అర్థం కాలేదు, చేను దగ్గర అర్థమైంది.

కరణం పోయాడు, కర్ణం పోలేదు

నాలుగు మూలల చేను. నాలుగు పక్కలూ ఒకటి కాదు. విస్తీర్ణం ఎంత? ఊళ్లో ఎవరినడిగినా ఇదే చెప్తారు: ఎదురెదురు గట్లు కూడి సగం చెయ్యి, రెండు సగాలూ గుణించు. మా ఇంట్లో ఒక చేను ఇట్లాంటి లెక్క మీదే కొన్నారు. అమ్మినవాళ్ల పేరు, కొలిచినవాళ్ల పేరు ఇప్పుడెందుకు. అంకెలు మాత్రం గుండ్రంగా చేసి చెప్తాను.

గట్లు వరసగా 260, 280, 240, 180 అడుగులు. 260కి ఎదురు 240. కూడి సగం చేస్తే 250. 280కి ఎదురు 180. కూడి సగం 230. గుణిస్తే 57,500 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి 132 సెంట్లు. ఎకరా 32 సెంట్లకు డబ్బు కట్టారు.

ఈ లెక్కలో తప్పెక్కడుందో చూడాలంటే నాలుగు కట్టెలు తీసుకొని మూలల్లో వదులుగా మేకులు కొట్టండి. పాత నులక మంచం చట్రంలా ఊగాలి. నిటారుగా నిలబెడితే మధ్యలో ఖాళీ బాగా ఉంటుంది. ఒక పక్కకు తోయండి. కట్టెల పొడవులు వెంట్రుకవాసి మారలేదు. ఖాళీ తగ్గింది. ఇంకా తోయండి. నాలుగు కట్టెలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాక ఖాళీ సున్నా. కాబట్టి నాలుగు గట్ల పొడవులు మాత్రమే తెలిస్తే విస్తీర్ణం తెలిసినట్టు కాదు. చేను ఎంత వాలి ఉందో తెలియాలి. కూడి సగం చేసే లెక్కకు వాలు కనబడదు. అది ఎప్పుడూ నిలువుగా నిలబెట్టిన చట్రాన్నే చూస్తుంది. అందుకే చేను సరైన దీర్ఘచతురస్రం అయితే తప్ప ఆ లెక్క ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. ఒక్కసారైనా తక్కువ చూపించదు. అమ్మేవాడు ఈ లెక్కను ఎందుకు ప్రేమిస్తాడో వేరే చెప్పాలా?

మహావీరుడికి ఇది తెలుసు. క్షేత్ర గణితంలో ఆయన రెండు రకాల లెక్కలు విడదీసి చెప్పాడు. పనికి సరిపోయే మోటు లెక్క వ్యావహారికం, కచ్చితమైనది సూక్ష్మం. ఎదురెదురు భుజాలు కూడి సగం చేసేది ఆయన వ్యావహారికంలో పెట్టాడు. వెయ్యేళ్లు దాటాక కూడా మేం దాన్నే సూక్ష్మం అనుకొని రిజిస్ట్రేషను దాకా పోయాం.

వాలు పట్టించేది మూలనుంచి మూలకు లాగిన గీత. దాని పేరు కర్ణం. చట్రానికి అడ్డంగా ఒక కట్టె బిగిస్తే ఇక ఊగదు. మా చేనుకు ఆ కర్ణం తర్వాతెప్పుడో కొలిచాం. 300 అడుగులు. ఆ గీత మీదినుంచి ఒక పక్క మూలకు నిలువుగా 224 అడుగులు, రెండో పక్క మూలకు 144 అడుగులు. ఇక మెట్లు:

చేను ఇప్పుడు రెండు త్రిభుజాలు. రెండింటికీ భూమి ఒకటే, 300.
మొదటి త్రిభుజం: 300 × 224 ÷ 2 = 33,600
రెండోది: 300 × 144 ÷ 2 = 21,600
మొత్తం: 55,200 చదరపు అడుగులు
సెంట్లలో: 55,200 ÷ 435.6 = 126.7

132 ఎక్కడ, 126.7 ఎక్కడ? ఐదు సెంట్ల పైచిలుకు గాల్లో కొన్నాం. పల్లెల్లో పేదల ఇంటి స్థలం సెంటున్నర అని 2020 నాటి ప్రభుత్వం లెక్క పెట్టింది కదా, ఆ లెక్కన మూడు ఇళ్లు లేచి ఇంకా పెరడు మిగిలే జాగా.

240, 180 గట్లు కలిసే మూలను చూడండి. 240ని 240తో, 180ని 180తో గుణించి కూడితే 90,000. కర్ణం 300ని 300తో గుణించినా 90,000. అంటే ఆ మూల నిక్కమైన మూలమట్టం. పునాది తీసే మేస్త్రీ ఒక దారం మీద మూడడుగులు, ఇంకో దారం మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య ఐదడుగులు వస్తేనే తాడు బిగిస్తాడు. మా చేనులో ఆ మూలలో ఉన్నది అరవై రెట్లు పెద్దదైన ఆ మేస్త్రీ త్రిభుజమే. కొన్ననాడు ఎవరూ గమనించలేదు.

సెంటుకు 435.6 అనే ఈ వింత అంకె ఎక్కడిదో బడిలో నాకెవరూ చెప్పలేదు. 1620 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అనే ఆయన 66 అడుగుల గొలుసుతో కొలవడం ప్రచారంలోకి తెచ్చాడు. దానికి నూరు లింకులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు చేస్తే 4,356 చదరపు అడుగులు. అలాంటివి పదైతే ఎకరా, 43,560. అందులో నూరో వంతు సెంటు. ఇక్కడినుంచి బాగేపల్లి రోడ్డు పట్టి కర్ణాటక బార్డరు దాటితే సెంటు మాట వినిపించదు. అక్కడ గుంటలు. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, సగం గొలుసుకు సగం గొలుసు. మన సెంట్లలో రెండున్నర. రెండువైపులా చుట్టరికాలున్న మా ఊళ్లలో పెళ్లి మాటల్లో కూడా ఈ రెండున్నర గుణకారం నడుస్తుంటుంది.

పాత మద్రాసు రాజధాని కాలంనుంచి వచ్చిన సర్వే పుస్తకాల్లో, మనం ఎఫ్‌ఎంబీ అని పిలిచే వాటిలో, ప్రతి సర్వే నంబరుకూ ఒక బొమ్మ ఉంటుంది. చేను మధ్యగా గీత, ఆ గీతనుంచి మూలలకు నిలువు కొలతలు. నేను పైన రాసిన మెట్లే ఆ బొమ్మలో ఉన్నాయి. ఊళ్లో ఆ బొమ్మ చదవగలిగినవాడు ఒకప్పుడు కరణం ఒక్కడే. ఆయన లెక్క మనసులో చేసి నోటితో చెప్పేవాడు. ఎవరూ మెట్లు అడిగేవాళ్లు కాదు. అడిగే ధైర్యమూ లేదు, చదువూ లేదు. 1984లో ఎన్టీఆర్ కరణాల వ్యవస్థను రద్దు చేశారు. మరుసటి ఏడాది హిందూపురం నుంచే అసెంబ్లీకి గెలిచారు. చిలమత్తూరు ఇప్పుడు ఆ నియోజకవర్గంలోనే ఉంది. కరణం పోయాడు గానీ కర్ణం పోలేదు. దాన్ని కొలవకుండా ఏ ప్రభుత్వమూ చేను లెక్క తేల్చలేదు.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహాల సాయంతో మూలల కొలతలు వచ్చాయి. విస్తీర్ణం తగ్గిందని ఎన్నో ఊళ్లనుంచి ఫిర్యాదులు వచ్చాయి. కొన్ని నిజంగా కొలత తప్పులై ఉంటాయి. కొన్నిచోట్ల మాత్రం తగ్గింది భూమి కాదు, పాత మోటు లెక్క పొంగు అని నా అనుమానం. ఏది ఏదో తేల్చుకోవాలంటే పాసుపుస్తకంలో అంకె చాలదు. బొమ్మ కావాలి, కర్ణం కావాలి, మెట్లు కావాలి. అడగండి.

ఐదో బోరు

ఇక మూడో లెక్క. దీన్ని రాయడానికి నాకు చెయ్యి ఆడదు. ఎందుకంటే ఇక్కడ తప్పు చేసేవాడి నష్టం ఐదు సెంట్లతో ఆగదు.

మాది బండ నేల. నీళ్లు మట్టిలో ఉండవు, బండలోని పగుళ్లలో ఉంటాయి. పగులు తగిలితే రెండించుల నీళ్లు, తగలకపోతే వెయ్యడుగులు పోయినా దుమ్మే లేస్తుంది. టెంకాయ అరచేతిలో పెట్టుకొని, వేపపుల్ల పట్టుకొని పాయింటు చూపించేవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. పడిన బోర్ల పేర్లు ఊరు పేరుతో సహా చెప్తారు. పడనివాటి జాబితా మాత్రం వాళ్ల దగ్గర ఉండదు. ఆ జాబితా అప్పుల పుస్తకంలో ఉంటుంది.

నాలుగు బోర్లు ఫెయిలైన రైతు అరుగు మీద కూచొని అనే మాట ఇది: “నాలుగు పోయినాయి. ఐదోది పడక తప్పదు.” పక్కనున్నవాళ్లు తలూపుతారు. ఇది నిజమా?

లెక్క కోసం ఆ చుట్టుపక్కల పది బోర్లు వేస్తే మూడు పడతాయని అనుకుందాం. ఇది నేను వేసుకున్న అంకె. ఒక బోరు ఫెయిలయ్యే సంభావ్యత పదికి 7. రెండూ ఫెయిలవడం 0.7 × 0.7 = 0.49. మూడూ ఫెయిలవడం 0.343. నాలుగూ ఫెయిలవడం 0.2401. నూరు మంది రైతులు నాలుగేసి బోర్లు వేస్తే 24 మందికి చుక్క పడదు. కర్మ అనీ శాపం అనీ పేర్లు పెడతాం గానీ, ఇది మామూలుగా జరిగే సంగతే. ఐదూ ఫెయిలవడం 0.168. అంటే ఐదింట్లో ఒక్కటైనా పడే అవకాశం 1 − 0.168 = 0.832. నూటికి 83.

అదిగో, 83 అంటే పడక తప్పదనేగా? కాదు. ఈ 83 ఇంకా ఒక్క బోరూ వెయ్యని రైతుది. చేతిలో డబ్బుతో ఐదు పాయింట్ల ముందు నిలబడినవాడిది. మన రైతు నాలుగు వేసి ఓడి ఉన్నాడు. ఆ 83లో మొదటి నాలుగు బోర్ల అదృష్టమూ కలిసి ఉంది, అది అయిపోయింది. మిగిలింది ఒక్క బోరు. దాని సంభావ్యత ఎంత? పదికి 3. నాలుగు ఓటములూ ఐదోదాన్ని ఒక్క పిసరు ముందుకు తోయలేదు. 1913 ఆగస్టు 18న మాంటీ కార్లో జూదశాలలో చక్రం మీద బంతి వరసగా 26 సార్లు నల్లగడిలోనే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని పందేలు పెంచుకుంటూ పోయినవాళ్లు లక్షలు పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు.

చాలా పుస్తకాలు ఇక్కడ ఆపేస్తాయి. ఆపితే మా ఊరికి సగం అబద్ధం చెప్పినట్టే. చక్రానికి జ్ఞాపకం లేదు గానీ బండకు ఉంది. నాలుగు బోర్లూ ఒకే ఆరెకరాల్లో వేశాడు. నాలుగుసార్లు దుమ్ము లేవడం ఆ నేల గురించి ఏదో చెప్తోంది. ఏం చెప్తోంది? మెట్టు మెట్టుగా పోదాం. సూత్రాలొద్దు, మనుషుల్ని లెక్కపెడదాం.

10,000 మంది రైతులున్నారనుకోండి. సగం మందిది పగుళ్లున్న మంచి నేల, పది బోర్లకు ఐదు పడతాయి. సగం మందిది గట్టి బండ, పదికి ఒకటే పడుతుంది. అందరినీ కలిపి చూస్తే పదికి మూడు. అంటే మనం మొదట అనుకున్న అంకే. ఎవరి నేల ఏదో ఎవరికీ తెలియదు. అందరూ నాలుగేసి బోర్లు వేశారు.

మంచి నేలలో 5,000 మంది. ఒక్కో బోరుకు సగం మంది ఓడతారు. 5,000, 2,500, 1,250, 625, చివరికి నాలుగూ ఓడినవాళ్లు సుమారు 312.
గట్టి బండలో 5,000 మంది. ఒక్కో బోరుకు పదికి తొమ్మిది మంది ఓడతారు. 5,000, 4,500, 4,050, 3,645, చివరికి సుమారు 3,280.
నాలుగూ ఓడి అరుగు మీద కూచున్నవాళ్లు మొత్తం 3,592.
వాళ్లు ఐదోది వేస్తే: 312లో సగం, 156 మందికి పడుతుంది. 3,280లో పదో వంతు, 328 మందికి పడుతుంది. మొత్తం 484.
484 ÷ 3,592 = 0.135

నూటికి పదమూడున్నర. బోర్లు మొదలుపెట్టిన రోజు నూటికి 30. నాలుగు ఓడాక అవకాశం సగం కన్నా కిందికి దిగింది. ఎందుకో మొదటి మూడు వరసల్లో కనిపిస్తోంది. అరుగు మీద మిగిలినవాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది గట్టి బండవాళ్లు. అరుగు మీది మాటకు ఇది నేరుగా ఎదురు. “నాలుగు పోయినాయి, ఐదోది పడక తప్పదు” కాదు, నాలుగు పోయినాయి కాబట్టే ఐదోది పడడం ఇంకా కష్టం. తెలిసినదాన్ని బట్టి అంచనాను ఇలా దిద్దుకునే పద్ధతికి థామస్ బేయిస్ అనే ఇంగ్లండు మతబోధకుడి పేరుంది. ఆయన పోయాక, 1763లో ఆ వ్యాసం అచ్చయింది. మా రైతుకు ఆ పేరుతో పని లేదు. ఐదో బోరుకు అప్పు చేసే ముందు ఈ ఐదు వరసలు ఎవరైనా చదివి వినిపిస్తే చాలు.

పదికి మూడు అని నేను వేసుకున్న అంకె అసలు ఎంత? దానికి లెక్క కావాలి. ఇక్కడ ఒక తెలుగు గణాంకవేత్త పేరు చెప్పకుండా ఉండలేను. కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్. రావు. 1920లో అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో పుట్టాడు. మా పాత అనంతపురం జిల్లా కూడా 1882లో ఆ బళ్లారిలోంచే విడివడింది. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ లేపి దీపం వెలిగించి చదువుకు కూచోబెట్టేదని, తన పుస్తకాల్లో ఒకదాన్ని ఆమెకే అంకితం ఇచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాడు. పాతికేళ్ల వయసులో, 1945లో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో రాసిన వ్యాసానికి 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే, 102 ఏళ్ల వయసులో, కన్నుమూశాడు.

ఆ వ్యాసంలో ఒక సంగతి మన బోర్లకు సూటిగా తగులుతుంది. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, ఎంత తెలివిగా అంచనా కట్టినా ఇంతకు మించిన కచ్చితత్వం రాదు అని ఒక హద్దు ఉంది. పది బోర్లలో మూడు పడ్డాయంటే అసలు సంగతి నూటికి పదీ కావచ్చు, యాభై కావచ్చు. టెంకాయ పట్టినా కంప్యూటర్ పట్టినా దీన్ని దాటలేరు. నూరు బోర్ల లెక్క ఉంటే నూటికి 20కీ 40కీ మధ్యకు వస్తుంది. అంకెలు పెరగడం తప్ప వేరే దారి లేదు.

ఆ నూరు బోర్లూ మన ఊళ్లలోనే ఉన్నాయి. పడినవీ పడనివీ కలిపి, సర్వే నంబరు, వేసిన ఏడాది, లోతు, నీళ్లు వచ్చాయా లేదా, ఎన్నేళ్లకు ఎండింది అనే ఐదు గళ్లతో ఒక నోటుబుక్కు చాలు. ఒక హైస్కూలు పదో తరగతి పిల్లలు రెండు ఆదివారాల్లో ఒక ఊరు పూర్తి చేయగలరు. సంభావ్యత పాఠంలో నాణేలు ఎగరేసి, పాచికలు దొర్లించి విసిగిపోయిన పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు నేను ఊహించలేను. నాణెం బొమ్మ పడితే ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు. ఈ నోటుబుక్కు మాత్రం నాన్న చదువుతాడు. ఉపాధ్యాయులు ఎవరైనా ఈ మాట విని మొదలుపెడితే, ఫెయిలైన బోర్లను దాచకుండా రాయించండి. ఊళ్లో ఎవరూ అవి తమంతట చెప్పరు.

చివరిగా, మీకూ ఒక లెక్క. ధర్మవరం మగ్గం మీద పట్టుచీర నేసే ఒక కుటుంబం మాస్టర్ వీవర్ దగ్గర 24,000 రూపాయలు అడ్వాన్సు తీసుకుంది అనుకుందాం. చీరకు కూలి 7,000. చీర చీరకూ కొంత అడ్వాన్సు కింద కోసుకొని మిగిలింది చేతికిచ్చారు. ఎనిమిది చీరలయ్యాయి. చేతికి మొత్తం 41,000 వచ్చింది. పుస్తకంలో ఇంకా 11,000 అడ్వాన్సు బాకీ అని రాసి ఉంది. పుస్తకం నిజం చెప్తోందా? పదో తరగతి పిల్ల ఎవరైనా ఇంట్లో ఉంటే కాగితం తన చేతికివ్వండి. జవాబు ఒక్కటే రాస్తే మా సారు లెక్కన నాలుగుకు ఒక్క మార్కే.